నాయన గీకొద్దన్న బల్ల

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. రేణిగుంట దగ్గర ఒక గిడ్డంగిలో పనిచేస్తాను. మార్చిలో రెండు వారాల సెలవు మిగిలిందనీ, వాడుకోకపోతే పోతుందనీ ఆఫీసులో చెబితే సరేనని తీసుకున్నాను. మొదటి రోజు ఇంట్లో కుళాయిలన్నీ విప్పి బిగించాను. రెండో రోజు ఫ్యాన్లు దింపి తుడిచాను. మూడో రోజు వంటింట్లో దూరి పోపు డబ్బాలు సర్దబోతే నా భార్య గరిటె పట్టుకుని అడ్డంగా నిలబడింది. "ఇంగ మీరు ఈడ కాలు పెడితే నేను మా ఊరికి పోతా" అంది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా నాలుగు చుట్లు తిరిగాను. అప్పుడు కంటబడింది నాయన బల్ల.

అన్నం తినే బల్ల, దానికి నాలుగు కుర్చీలు. అన్నింటికీ సర్కారు క్వార్టర్ల తలుపులకు వేసే ముదురు ఆకుపచ్చ రంగు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ దాని రంగు అదే. నాయన అడవిలో గార్డుగా పనిచేశాడు. తలకోన చుట్టుపక్కల ఊళ్ళలో ఎక్కడికి బదిలీ అయినా మా సామానుతో పాటు ఈ బల్ల కూడా లారీ ఎక్కేది. వాకిలికి ఎదురుగా ఉండే కుర్చీ నాయనది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటి నుంచి దాంట్లో నేను కూర్చుంటున్నాను.

రంగు పెచ్చులు లేచిపోయింది. ఒక కుర్చీ కాళ్ళ మధ్య అడ్డచెక్క ఊడి చేతికొస్తోంది. బల్ల కాలొకటి పొట్టిదై, కింద మడత పెట్టిన అట్టముక్క లేకపోతే రసం గిన్నె అటూ ఇటూ ఊగుతుంది. నా భార్య రెండేళ్ళుగా అద్దం బల్ల కొందామంటోంది. "వారం రోజులు ఆగు, దీన్నే కొత్తదానిలా చేసి చూపిస్తా" అన్నాను.

గోడవారన కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తున్న అమ్మ తలెత్తింది.

"రంగు మీద రంగు ఏసుకో. గీకొద్దు."

"ఏమిటికమ్మా?"

"మీ నాయన గీకొద్దన్నాడు."

అంతే. అమ్మ ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది. వినిపించుకున్నామో లేదో కూడా చూడదు. పాత రంగు గీకకుండా కొత్త రంగు వేస్తే నిలవదని నాకు తెలుసు కదా, నేనెందుకు వింటాను? పైగా నాయన మాట అనగానే నాకు ఒక చెంపదెబ్బ గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కలు చేస్తూ చేస్తూ, వృత్తలేఖిని ముల్లుతో ఈ బల్ల అంచు మీద రంగు గీకాను. నాయన ఎప్పుడొచ్చి వెనక నిలబడ్డాడో చూసుకోలేదు. ఆయన నన్ను జీవితంలో కొట్టింది ఆ ఒక్కసారే. వస్తువు పాడుచేసినందుకు కొట్టాడనుకున్నాను. అలాగే అనుకుంటూ యాభై ఏళ్ళవాణ్ణయ్యాను.

బల్లనూ కుర్చీలనూ మిద్దె మీదికి మోయించాను. అంగడికి పోయి ఉప్పుకాగితం, రంగు ఊడగొట్టే మందు, లప్పం గీకే రేకు తెచ్చుకున్నాను. మందు పూసి కాసేపు ఆగాలని డబ్బా మీద రాసుంది. ఆగడం నా వల్ల అవుతుందా? తడి మీదే గీకాను. వేళ్ళు మండాయి. పచ్చరంగు పాచిలా రేకుకు అంటుకుని వచ్చింది. దాని కింద తెల్లటి లప్పం. ఉప్పుకాగితం పెట్టి బలంకొద్దీ రుద్దాను. లప్పం పొడి పొడిగా లేచి మూతినిండా పడింది. నాలుక చేదెక్కింది. పొద్దున తాగిన కాఫీ ఎండకు ఎదురు తిరిగిందనుకున్నాను. మధ్యాహ్నానికి ఒక కాలు కొయ్య బయటపడింది.

ఎర్రగా ఉంది.

అప్పుడు నేనేమీ అనుకోలేదు. నిజం చెప్పాలంటే బాగుందనుకున్నాను. నీళ్ళు చల్లి తుడిచేసరికి ఇంకా ఎర్రబడింది. రెండో కాలూ అంతే, కుర్చీ అడ్డచెక్కా అంతే.

ఆ సాయంత్రం శ్రీహరికోటలో రాకెట్టు వదులుతున్నారని వీధిలోవాళ్ళు మిద్దెలెక్కారు. మాది కాస్త ఎత్తు మిద్దె కాబట్టి పక్కింటాయన మా దగ్గరికే వచ్చాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. తూర్పున నిప్పుగీత లేచింది, అందరూ చేతులు అడ్డం పెట్టుకుని చూశారు, అది మబ్బులో దూరింది. ఆయన చూపు కిందికి దిగి నా బల్ల కాలి మీద ఆగింది.

"ఏందప్పా, ఇంత ఎర్రగుండాది?"

"పాత కొయ్యలే."

"మీ నాయన ఫారెస్టులో గదా పనిచేసింది?" అని నవ్వాడు. "ఊరికే అన్నాలేప్పా. కప్పి పెట్టుకో మళ్ళా, ఎవురన్నా సూస్తే బాగుండదు."

ఆయన దిగిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను. మా తిరుపతిలో ఎర్రకొయ్య అంటే ఒక్కటే అర్థం. ఎర్రచందనం. ఎదురుగా కనిపించే ఈ కొండల్లో పెరుగుతుంది, దుంగ కాదు కదా పుల్ల దొరికినా కేసు. టమాటా బుట్టల కింద దొరికిందనీ, నీళ్ళ ట్యాంకరులో దొరికిందనీ రెండు రోజులకోసారి పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ అడవికి కాపలా కాసిన మనిషి ఇంట్లో, ముదురు పచ్చరంగు కింద, ఎర్రకొయ్య. గీకొద్దన్న మాట. ఒక చెంపదెబ్బ. ఈ మూడూ నా తలలో ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. ఇక లేవలేదు.

మా నాయన ఎలాంటి మనిషో చెప్పాలి. అడవి దాటేటప్పుడు చెప్పులు విడిచి దులిపి మళ్ళీ తొడుక్కునేవాడు. అన్నం సంచి తిరగేసి విదిలించేవాడు. ఉసిరికాయ ఒక్కటి ఇంటికి తెచ్చింది లేదు. తలకు పోసుకోవడానికి అమ్మ అంగట్లో కుంకుడుకాయలు కొనేది. చుట్టాలు ఎగతాళి చేసేవాళ్ళు, అడవోడి పెండ్లామై ఉండి కుంకుడుకాయలు కొంటావా అని. మాకు అది ఎగతాళిలా ఉండేది కాదు, గర్వంగా ఉండేది. నాలుగు మంచి మాటలు చెప్పుకోవడానికి మాకు ఇంకే ఆస్తీ లేదు మరి.

ఇప్పుడు ఆ గర్వాన్ని కూడా ఈ బల్ల కాలు పట్టి లాగేస్తోంది.

అమ్మ పాత చీర తెచ్చి బల్ల మీద కప్పాను. రాలిన పొట్టునంతా ఊడ్చి బియ్యం సంచిలో మూట కట్టి నీళ్ళ తొట్టి వెనక దాచాను. దాచేటప్పుడు ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టుపక్కల మిద్దెలన్నీ చూశాను. చూస్తే చూడనీ అనుకునే ధైర్యం లేదు. ఆ మర్నాడు పాలిష్ చేసే మనిషి వస్తానంటే ఫోన్లోనే వద్దన్నాను. "నిన్న రమ్మని మీరే గదన్నా సెప్పింది" అన్నాడు పాపం. అతని మీద అరిచాను.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. మెట్లెక్కడం, చీర ఎత్తి చూడడం, దిగడం. పొద్దుటి ఎండలో కాస్త గోధుమరంగుగా కనిపిస్తే ప్రాణం లేచొచ్చేది. మధ్యాహ్నం చూస్తే మళ్ళీ ఎరుపే. కిందికొచ్చి పేపరు తీస్తే అందులో దుంగల ఫోటో. అనుమానం బల్ల దగ్గర ఆగితే బాగుండేది. పదో తరగతి పాసైనప్పుడు నాయన కొనిచ్చిన సైకిలు గుర్తొచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన చేతి గడియారం? అక్క పెళ్ళిలో వంటకు రెండు బండ్ల కట్టెలొచ్చాయి, అవి ఎవరు పంపారు? చచ్చిపోయిన మనిషిని నిలబెట్టి ఒక్కో ప్రశ్నా అడిగాను. ఆయన జవాబు చెప్పడు కదా, నేనే చెప్పుకున్నాను, ప్రతిసారీ ఆయనకు వ్యతిరేకంగానే చెప్పుకున్నాను.

అమ్మ కిందనే ఉంది. పదహారు మెట్లు దిగి ఒక్క మాట అడిగితే తెలిసిపోయేది. అడగలేదు. అవునంటుందేమోనని భయం. లేదా నా అనుమానం ఆమెకు తెలిసిపోతుందని భయం. ఏ భయం పెద్దదో నాకే తెలియదు.

"మనిషి మనిషిలా లేరు, ఏమైంది మీకు?" అని నా భార్య నిలదీసింది. "అద్దం బల్ల కొందాం" అన్నాను. "ఇన్నాళ్ళూ వద్దని ఇప్పుడా?" అంది. "అయితే వద్దు" అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదని తేల్చుకుని వెళ్ళిపోయింది.

ఆరో రోజు ఇక ఉండబట్టలేక బస్సెక్కాను. శ్రీకాళహస్తి పక్కన కొయ్యతో దేవుళ్ళ బొమ్మలు చెక్కే ఊరొకటి ఉంది. మా దేవుడి గదికి గణపతి పలక చెక్కిన పెద్ద ఆచారి అక్కడే ఉంటాడు. కొయ్య గురించి ఆయన చెప్పిందే మాట. ఊడిన అడ్డచెక్కను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. దారిలో చెక్‌పోస్టు ఉందన్న సంగతి బస్సు ఆగాక గుర్తొచ్చింది. ఇద్దరు పోలీసులు ఎక్కారు. నా ఒళ్ళో మూరెడు కొయ్య. చెమటలు కారిపోయాయి. వాళ్ళలో ఒకతను నా సంచి వైపు చూసి, "జరుగు పెద్దాయనా" అని పక్కన కాలు పెట్టుకుని, సీటు కింద బస్తా తడిమి దిగిపోయాడు. పక్కన కూర్చున్నావిడ నాకు నీళ్ళ సీసా ఇచ్చింది.

ఆచారి పందిరి కింద కూర్చుని ఏదో అమ్మవారి చేతులు చెక్కుతున్నాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని తువ్వాలు విప్పాను. ఆయన చెక్కను అందుకోలేదు, ముందు నా మొహం చూశాడు.

"ఏమప్పా, దొంగసొమ్ము తెచ్చినట్టు తెచ్చినావు?"

"అది ఏం కొయ్యో చెప్పు ఆచారీ."

ఆయన చెక్కను తిప్పి చూశాడు. "ఎవురు గీకింది? అడ్డంగా గీకి గీతలు పెట్టినారు." నేనే అన్నాను. "కొయ్య పోయే దోవలో గీకల్ల. ఇంత వయసొచ్చింది, తెల్దా?" అని ఉలితో ఒక చిన్న పేడు లేపి నా చేతిలో పెట్టాడు. "నోట్లో ఏసుకో."

"నోట్లోనా?"

"నమిలి సూడు."

నమిలాను. చేదు. చిన్నప్పుడు రోజూ పొద్దున్నే బావి గట్టు మీద నిలబడి నమిలిన చేదు. బల్ల గీకిన రోజు నుంచీ నా నాలుక మీద ఉంటూనే ఉన్న చేదు.

"వేపా?" అన్నాను.

"మంచి చేవ ఉండే ముదురు వేప. ముదిరితే ఎర్రగానే ఉంటాది. దానికి తోడు కొట్టినోడు పైన కావి పూసినాడు, రంగు పట్టల్లని." నా మొహంలో ఇంకా ఏదో కనిపించిందేమో, పక్కనున్న నీళ్ళ బకెట్టు ముందుకు లాగి ఇంకో పేడు అందులో వేశాడు. తేలింది. తర్వాత గూట్లోంచి బొటనవేలంత ఎర్రటి ముక్క తీశాడు. "దీనికి కాయితం ఉండాదిలే, బయపడొద్దు" అని అదీ వేశాడు. రాయిలా అడుక్కు పోయింది. "అది చందనం. ఇది వేప. నువ్వేమనుకుంటివి?"

ఏమీ లేదన్నాను. ఆయన నవ్వి మళ్ళీ అమ్మవారి చేతులు చెక్కడంలో పడ్డాడు.

తిరుగు బస్సులో నా అంత తేలికైన మనిషి లేడు. చెక్‌పోస్టు దగ్గర సంచి పైకెత్తి పట్టుకున్నాను, చూస్తే చూసుకోండని. ఎవరూ చూడలేదు. బస్టాండులో దిగి అందరికీ మిఠాయి కొన్నాను. ఇంట్లో అడుగు పెట్టగానే, చెప్పులు విప్పకుండానే, గోడవారన కూర్చున్న అమ్మతో నవ్వుతూ అన్నాను.

"అమ్మా, మన బల్ల వేపకొయ్యమ్మా!"

"ఔ, వేపే" అంది అమ్మ. "మా పుట్టింటి దొడ్లోది. గాలివానకు పడిపోతే మా నాయన బల్ల కొట్టిచ్చి పంపినాడు. ఎవురన్నారు కాదని?"

నేను నవ్వుతూనే ఉన్నాను. అమ్మ నవ్వలేదు. నా సంచిలోంచి బయటికొచ్చిన అడ్డచెక్క కొస చూసింది. నా మొహం చూసింది.

"యాడికి పోయొచ్చినావు?"

"శ్రీకాళహస్తికి. ఆచారి దగ్గరికి."

అమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "పైకి రా" అని, నెలకోసారి కూడా ఎక్కని మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. తన చీరను బల్ల మీద నుంచి తీసి మడిచి గోడ మీద పెట్టింది. "తిరగెయ్" అంది. తిరగేశాను. బల్ల అడుగున, నేను ఇంకా ముట్టని చోట, పచ్చరంగు కింద కత్తితో లోతుగా చెక్కిన గుంత ఒకటి ఉంది. అరచెయ్యంత ఉంది. దాని మీద కూడా రంగు పూసేశారు.

"నువ్వు నా సంకలో ఉండావు" అంది అమ్మ. "ఎవురో ఆకాశరామన్న ఉత్తరం రాసినారు, గార్డు ఇంట్లో చందనం బల్ల ఉండాదని. పైనుంచి ఒక ఆఫీసరు వచ్చినాడు. వీధి వీధంతా మా వాకిట్లోనే ఉండాది. ఆయప్ప మీ నాయనతో, నీ బల్ల గీకి సూడల్ల, గీకేదా అని అడిగినాడు. మీ నాయనే తిరగేసి పట్టుకున్నాడు, గీకండి సార్ అని. గీకి, వాసన సూసి, నీళ్ళల్లో ఏసి సూసి, తప్పయింది అని ఎలబారి పోయినాడు."

గుంత అంచును వేలితో తడిమాను.

"మర్నాడే పచ్చరంగు తెచ్చినాడు మీ నాయన. ఏమిటికంటే, బయటోళ్ళు గీకి సూసింది సాలు, రేప్పొద్దున నా బిడ్డలు గీకి సూడకూడదు అన్నాడు."

కింద వీధిలో కూరగాయల బండి అరుపు వినిపిస్తోంది. అమ్మ గోడకు ఆనుకుని, బల్ల కాలును కొంగుతో తుడుస్తూ నిలబడింది. కొంగుకు ఎర్రటి కావి అంటింది.

"నీళ్ళల్లో ఏసి సూసినారా?"

"చూశామమ్మా."

"తేలింది కాబట్టి నవ్వతా వచ్చినావు" అంది. "మునిగింటే ఏం సేసింటివి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఎన్నో మంచి జవాబులున్నాయి. కానీ ఆమె నా కళ్ళలోకే చూస్తోంది.

"మళ్ళీ పచ్చరంగు పూసేసి, ఎవరికీ చెప్పకుండా ఉండిపోయేవాణ్ణి."

"నాకూ సెప్పవా?"

"నీకూ చెప్పను."

అమ్మ గోడ మీది చీర తీసి భుజాన వేసుకుంది. తర్వాత మెట్ల వైపు నడుస్తూ, నా వైపు తిరక్కుండానే అంది.

"నీకన్నా ఆయప్ప నయంరా. అడిగి గీకినాడు."

మిగిలిన సెలవంతా బల్ల మీదే గడిపాను. ఆచారి చెప్పినట్టు కొయ్య పోయే దోవలో రుద్దాను. పొట్టి కాలికి వేపచెక్క అతికించాను, అట్టముక్క అవసరం లేకుండా పోయింది. రంగు వెయ్యలేదు, పాలిష్ పెట్టి కొయ్యను కొయ్యలాగే ఉంచాను. అడుగున ఆ గుంతను మాత్రం ముట్టుకోలేదు. పక్కింటాయన వచ్చి చూసి, "ఏం కొయ్యప్పా?" అంటే, "వేప, మా అమ్మ పుట్టింటిది" అని చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతు గట్టిగానే ఉంది. అద్దం బల్ల మాట నా భార్య మళ్ళీ ఎత్తలేదు.

అమ్మ మామూలుగానే మాట్లాడుతోంది. అన్నం తినేటప్పుడు తన కుర్చీలో కూర్చుంటుంది, ఊరుబిండి పచ్చడి ఇంకొంచెం వేసుకోమంటుంది. వాకిలికి ఎదురుగా ఉన్న నాయన కుర్చీ నున్నగా మెరుస్తోంది. తొమ్మిదేళ్ళు దాంట్లో నేనే కూర్చున్నాను. బల్ల కిందికి తెచ్చి రెండు నెలలయింది, ఇంతవరకూ దాంట్లో కూర్చోలేదు. ఎందుకు కూర్చోవడం లేదని అమ్మ అడగలేదు.